ముచ్చిక కూలి, బ్రిటన్ ఆర్డరు: గుంటూరు మిర్చి షెడ్డులో ఒక లేబర్ ఆడిట్ కేసు

కేసు ఎలా వచ్చింది

క్లయింటుది గుంటూరులో ఎండుమిర్చి ఎగుమతి చేసే మధ్యతరహా సంస్థ. యజమాని నాన్నగారు యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవారు, ఈయన ఎగుమతుల్లోకి వచ్చారు. సరుకు ఎక్కువగా చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక వైపు వెళ్లేది. అక్కడి కొనుగోలుదారులు అడిగేవి రంగు, ఘాటు, తేమ, ధర. ముచ్చిక (కాయ తొడిమ) ఎవరు తీశారు, వాళ్లకెంత ముట్టింది అని ఎవరూ అడిగింది లేదు.

2025 జులై 24న భారత్, బ్రిటన్ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం (ఎఫ్‌టీఏ) మీద సంతకాలు చేశాయి. ఆ తర్వాత కొద్ది వారాలకు బ్రిటన్‌లోని ఒక మసాలా కంపెనీ నుంచి ఈయనకు ఎంక్వైరీ వచ్చింది. ముచ్చిక తీసిన తేజ, 334 రకాలు కావాలి, ఏడాది పొడవునా విడతలుగా. ధర బాగుంది. మెయిల్ చివర ఒక షరతు పెట్టారు: మొదటి కంటైనరు కదలకముందే షెడ్డులో సోషల్ ఆడిట్, అంటే కార్మికుల పరిస్థితుల తనిఖీ, జరగాలి, రిపోర్టు కొనేవాళ్లు చూసుకునే సెడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలో పెట్టాలి. దానికి జతగా పొడవాటి ప్రశ్నావళి. కార్మికుల వయసు రుజువులు, వేతన రిజిస్టర్లు, ఓవర్‌టైం, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, మేస్త్రీల ద్వారా వచ్చేవాళ్లెందరు, వాళ్లలో ఎవరికైనా అప్పులున్నాయా.

నేను కార్మిక చట్టాల కన్సల్టెంటుని. పీఎఫ్, ఈఎస్ఐ రిటర్నులు, ఫ్యాక్టరీ లైసెన్సులు, లేబర్ ఆఫీసు నోటీసులకు జవాబులు నా రోజువారీ పని. ఈమధ్య ఎగుమతి సంస్థలకు ఆడిట్ల పని కూడా చేస్తున్నాను. యజమాని ఆ ప్రశ్నావళి నాకు పంపి ఫోన్ చేశారు. "సార్, ఎఫ్‌టీఏ అయిపోయిందంటగా, మళ్లీ ఈ గోలేంది?"

క్లయింటు ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. కూలి రేట్లు కూడా రూపాయల్లో రాయడం లేదు. ఎనిమిది గంటల కనీస వేతనాన్ని 100 అనుకుని మిగతావి దానితో పోల్చి చెబుతాను.

ఎఫ్‌టీఏ ఒకటి, మెయిల్లో అడిగింది ఇంకొకటి

ఆయన లెక్క ఇది: ఒప్పందం వల్ల సుంకం పోయింది, అందుకే ఆర్డరొచ్చింది, దానికి బదులుగా వాళ్ల రూల్సు మన నెత్తిన పడ్డాయి. వినడానికి సబబుగానే ఉంది గానీ మిర్చి విషయంలో అలా జరగలేదు. ఎండుమిర్చికి అక్కడ సుంకం ఎప్పుడూ పెద్ద అడ్డు కాదు, అడ్డంకి ల్యాబులో ఉండేది. 2003లో ఫ్రాన్స్‌లో మన మిర్చి ఉత్పత్తుల్లో సుడాన్-1 అనే హానికరమైన రంగు దొరికాక యూరప్ అంతా పరీక్షలు బిగించారు. బూజు వల్ల పుట్టే విషం అఫ్లటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు దాటితే సరుకు వెనక్కే. గుంటూరు ఎగుమతిదారులకు ఇదంతా కంఠతా వచ్చు. సుంకం తేడా గట్టిగా తగిలేది బట్టల వ్యాపారానికి. బంగ్లాదేశ్ చొక్కా బ్రిటన్‌లో సుంకం లేకుండా దిగుతుంటే మన చొక్కా 12 శాతం దాకా కట్టుకునేది.

ఒప్పందంలో కార్మికుల మీద ఒక అధ్యాయం ఉన్నమాట నిజమే. ఇలాంటివాటికి ఒప్పుకోవడం మన ప్రభుత్వానికి కొత్త. 1996 డిసెంబరులో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) మంత్రుల సమావేశంలో, కార్మిక ప్రమాణాలు చూసుకోవాల్సింది అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) అనీ, వాటిని అడ్డం పెట్టుకుని రక్షణవాదం నడపకూడదనీ తీర్మానంలో రాశారు. అందుకోసం పట్టుబట్టిన దేశాల్లో మనది ముందు వరసలో ఉంది. అలాంటిది 2024 మార్చిలో స్విట్జర్లాండ్, నార్వే ఉన్న ఎఫ్టా కూటమితో కుదిరిన ఒప్పందంలో ఈ సంగతులకు చోటిచ్చాం. బ్రిటన్ ఒప్పందంలో ఏకంగా ఒక అధ్యాయమే ఇచ్చాం. కాకపోతే ఆ అధ్యాయం మీద తగాదా వస్తే రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకోవాల్సిందే, తగాదాలు తీర్చే ప్యానెల్‌కు ఈడ్చుకెళ్లే దారి లేదు. ఏటుకూరు రోడ్డు షెడ్డులో కూర్చుని ముచ్చికలు తీసే మనిషికి దాని ద్వారా నేరుగా వచ్చే హక్కు ఏమీ లేదు.

మరి మెయిల్లో ఉన్నదేమిటి? అది ఆ కంపెనీ సొంత భయం. బ్రిటన్‌లో 2015 నాటి ఆధునిక బానిసత్వ చట్టం ప్రకారం ఏడాదికి 3.6 కోట్ల పౌండ్లు, ఆపైన టర్నోవర్ ఉన్న సంస్థలు, తమ సరఫరా గొలుసులో వెట్టి లేకుండా ఏం చేస్తున్నాయో ప్రతి ఏడూ బహిరంగంగా ప్రకటించాలి. సూపర్‌మార్కెట్లు ఆ బరువును మసాలా కంపెనీల మీదికి తోస్తాయి, అవి మన మీదికి తోస్తాయి. ఆడిట్‌కు కొలమానం 'ఎథికల్ ట్రేడింగ్ ఇనిషియేటివ్' వాళ్ల తొమ్మిది సూత్రాల కోడ్. ఎఫ్‌టీఏ సంతకం కాకపోయినా ఈ ప్రశ్నావళి వచ్చేదే. యజమానికి ఈ తేడా చెప్పడానికి ఒక పూట పట్టింది. ఆ పూట పెట్టకపోతే, ఢిల్లీలో ఎవరో సంతకం పెట్టిన పాపానికి తాను శిక్ష అనుభవిస్తున్నానన్న కోపంతోనే ఆయన పని మొదలుపెట్టేవారు. అలా మొదలుపెట్టినవాళ్లు ఆడిట్‌కు వేరే రిజిస్టరు రాయించడంతో ఆపేస్తారు.

షెడ్డులో ఏం కనిపించింది

సీజన్లో అరవై మంది దాకా ఆడవాళ్లు. రోల్స్ మీద ఉన్నది మాత్రం గుమస్తా, వాచ్‌మన్, గ్రేడింగ్ మెషిను నడిపే కుర్రాళ్లు. ఆడవాళ్లంతా ఇద్దరు మేస్త్రీల మనుషులు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెల్లారి ఆటోల్లో వస్తారు, కింద పట్టాల మీద బారుగా కూర్చుంటారు, ఏసీ (కోల్డ్ స్టోరేజీ) నుంచి తెచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పి ముందు కుప్పలు పోస్తారు. ముచ్చిక తీసిన కాయ కిలోల్లెక్కన కూలి. సాయంత్రం తూకం, వారానికోసారి మేస్త్రి చేతి మీదుగా డబ్బు.

రిజిస్టర్లు లేవు. మేస్త్రీల చిట్టా పుస్తకాలున్నాయి. నిజానికి అవే మంచి రికార్డు, ఎందుకంటే ఆడిట్ కోసం రాసినవి కావు. ఎవరి కిలోలు వాళ్ల పేరు పక్కనే ఉన్నాయి. ఆ పుస్తకాలు తీసుకుని ఒక సీజను లెక్క కట్టాం.

అందులో తేలిన మొదటి సంగతి షెడ్డులో ప్రతి ఆడమనిషికీ తెలుసు, ఆఫీసు గదిలో ఎవరికీ తెలియదు. తేజకూ 334కూ ఒకటే రేటు. తేజ కాయ సన్నం, పొట్టి. కిలోకి ఎక్కువ కాయలు తూగుతాయి, అంటే కిలోకి ఎక్కువ ముచ్చికలు. ఘాటూ ఎక్కువే. 334 ఒలిచిన రోజు నేర్పరి చేతికి 110 దాకా వస్తే, అదే చెయ్యి తేజ ఒలిచిన రోజు 80 దగ్గర ఆగిపోతోంది. పెద్ద వయసువాళ్లు తేజ మీద 55, 60. ఎవరి ముందు ఏ కుప్ప పడుతుందో నిర్ణయించేది మేస్త్రి. ఆ ఒక్క అధికారం వల్ల మేస్త్రికి ఎదురుచెప్పే మనిషి ఉండదు. ఈ మాట ఏ ప్రశ్నావళిలోనూ లేదు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. కిలో లెక్కన ఇచ్చినా, ముక్క లెక్కన ఇచ్చినా, రోజు లెక్కన నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకూడదు. 1948 కనీస వేతనాల చట్టంలో ఇది 17వ సెక్షన్. మేం పనిలో ఉండగానే, 2025 నవంబరు 21న, నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్‌లో అదే మాట 12వ సెక్షన్లో ఉంది. చట్టం మారినా ఈ నియమం మారలేదు. ఎనభై ఏళ్లకు దగ్గర పడుతున్న నియమాన్ని గుంటూరులో నేను చూసిన ముచ్చిక షెడ్లలో ఎవరూ పాటించడం లేదు. లేబర్ ఆఫీసుకు ఫిర్యాదు చేసేవాళ్లు లేరు కాబట్టి ఎవరూ చూడటమూ లేదు.

రెండోది మేస్త్రి కమీషను. యజమాని ఇచ్చే రేటులోంచి కిలోకి ఇంత అని మేస్త్రి తీసుకుంటాడు. ఆటో ఖర్చు అందులోనే అంటాడు. మూడోది అడ్వాన్సులు. స్కూలు ఫీజులకూ, పండగకూ మేస్త్రి దగ్గర తీసుకుంటారు, తీరేదాకా వేరే షెడ్డుకు వెళ్లకూడదన్నది నోటిమాట. బ్రిటన్ ఆడిటర్ కంటికి ఇది అప్పు వెట్టి. మన 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద కూడా ఇది ఏమంత దూరంలో లేదు. ఈ మాట అన్నప్పుడు యజమాని ముఖం ఎర్రబడింది. "వెట్టేంది సార్, మా నాన్న కాలం నుంచి వస్తున్న మనుషులు వాళ్లు."

చేతుల మంట గురించి కూడా చెప్పాలి. మిర్చి ఘాటు నీళ్లకు పోదు, నూనెలో కరుగుతుంది. ఆడవాళ్లకు ఇది అనుభవంతో తెలుసు. ముందే కొబ్బరినూనో ఆముదమో పట్టించి కూర్చుంటారు. ఆడిట్ చెక్‌లిస్టులో చేతి తొడుగులున్నాయా అన్న ప్రశ్న ఉంటుంది, నూనె ఊసుండదు. తొడుగులు తెప్పించాం. వేసుకుంటే పని నిదానిస్తుంది, కిలోలు పడిపోతాయి. మొదటి రోజు మధ్యాహ్నానికే తీసి పక్కన పెట్టారు. కూలి కిలోల మీద ఉన్నంతకాలం ఏ రక్షణ సామగ్రి అయినా వాళ్ల జేబులోంచి పోయే ఖర్చే.

ఆఫీసు గదిలో వాదన

మార్పులు మొదలుపెట్టే ముందు అందరినీ ఒకచోట కూర్చోబెట్టాలని పట్టుబట్టాను. ఒక ఆదివారం యజమాని, ఆయన ఖాతాలు చూసే ఆడిటరు, ఇద్దరు మేస్త్రీలు, షెడ్డు ఆడవాళ్లలో ఇద్దరు, యార్డు హమాలీల సంఘంలో పనిచేసే ఒక నాయకుడు వచ్చారు. సంఘం మనిషిని పిలవడం యజమానికి ఇష్టం లేదు. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఉందా అని అడిగే ఆడిట్‌కు సిద్ధమవుతూ సంఘం మనిషిని గుమ్మం బయట నిలబెడితే బాగుండదని ఒప్పించాను.

ఆడిటరు గారు మొదలుపెట్టారు. ఆయన వాదన చదువుకున్నవాళ్లలో చాలామందిది. "వాళ్లకి మనతో పోటీపడటం చేతకాక ఈ ప్రమాణాలన్నీ. సుంకం తీసేసి దొడ్డిదారిన ఇంకో సుంకం. మనకున్న బలమే తక్కువ కూలి, అదీ పోతే ఇంకేముంది?" నేను ఆయనతో సగం ఏకీభవిస్తాను. 1999లో డబ్ల్యూటీఓ సియాటెల్ సమావేశం చెడిపోవడానికి కారణాల్లో ఈ అనుమానం ఒకటి. కార్మిక ప్రమాణాలు పాటించని దేశాల మీద ఆంక్షల మాట అమెరికా అధ్యక్షుడు క్లింటన్ నోట వచ్చాక వర్ధమాన దేశాలు బిగుసుకుపోయాయి. కానీ తక్కువ కూలి మన బలం అన్నప్పుడు ఎంత తక్కువ అని అడగాలి. మన పార్లమెంటు చేసిన చట్టం కింద మన ప్రభుత్వాలు పెట్టిన కనీస వేతనం కన్నా తక్కువా? అది బ్రిటన్ ప్రమాణం కాదు, మనదే. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన నిర్బంధ చాకిరీ అని చెప్పింది. ఐఎల్‌ఓ నిర్వచనం కూడా అంత దూరం పోదు. "ఈ ఒక్క విషయంలో వాళ్ల కోడ్ కన్నా మన కోర్టే కఠినం" అన్నాను. ఆడిటరు గారు ఆ తీర్పు పేరు రాసుకున్నారు.

సంఘం నాయకుడిది వేరే కోపం. "ఒప్పందంలో ఏమో వ్యాపారం కోసం కార్మిక చట్టాల్ని బలహీనపరచం అని రాసుకున్నారంటగా. ఇక్కడ లేఆఫ్‌కు ప్రభుత్వ అనుమతి అడగాల్సిన కార్మికుల సంఖ్య వంద నుంచి మూడొందలు చేశారు. దీన్నేమంటారు?" పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ మార్పు ఉన్నది వాస్తవం. ఐఎల్‌ఓ 87, 98 ఒడంబడికలను, అంటే సంఘం పెట్టుకునే హక్కు, కలిసి బేరమాడే హక్కులను, మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదన్నదీ వాస్తవమే. బాల కార్మికుల మీది 138, 182లను 2017లో ఆమోదించింది గానీ ఈ రెండూ అలాగే ఉండిపోయాయి. మరి బ్రిటన్ ఈ అధ్యాయం పట్టుకుని ఏమైనా చేయగలదా అని ఆయన అడిగారు. చేయలేదన్నాను. పంచాయితీ పెట్టే దారి ఉన్నచోట కూడా ఎంత కష్టమో ఆయనకు చెప్పాను. అమెరికాకు మధ్య అమెరికా దేశాలతో ఉన్న వాణిజ్య ఒప్పందం కింద గ్వాటెమాలా మీద సంఘాలు ఫిర్యాదు చేసింది 2008లో. ప్యానెల్ తీర్పు వచ్చింది 2017లో. చట్టం అమలు చేయని సందర్భాలున్నాయని ప్యానెల్ ఒప్పుకుంది. దానివల్ల వాణిజ్యం ప్రభావితమైందని రుజువు కాలేదంటూ అమెరికా వాదనను కొట్టేసింది. తొమ్మిదేళ్లు!

ఆయన చాలాసేపు నవ్వారు. "మా యార్డులో రేటు తెగడానికి తొమ్మిదేళ్లు పడితే హమాలీలు టిక్కీ ముట్టరు."

దానికి ఎదురు ఉదాహరణ మెక్సికోది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన అమెరికా, మెక్సికో, కెనడా ఒప్పందంలో ఫిర్యాదు ఒక్కో ఫ్యాక్టరీ మీద పెట్టొచ్చు, ఆ ఫ్యాక్టరీ సరుకుకే సుంకం రాయితీ ఆపొచ్చు. సిలావోలో జనరల్ మోటార్స్ ప్లాంటు మీద 2021 మేలో అమెరికా దీన్ని వాడింది. ఆగస్టుకల్లా కార్మికుల ఓటు మళ్లీ జరిగింది, మరుసటి ఫిబ్రవరిలో స్వతంత్ర సంఘం గెలిచింది. ప్రభుత్వాన్ని కాకుండా గేటును పట్టుకుంటే పని ఎంత త్వరగా అవుతుందో దీనితో తెలుస్తుంది. అయితే ఆ కర్ర ఎప్పుడూ ఒకే దేశం చేతిలో ఉంటుందన్న ఆడిటరు గారి అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు.

పెద్ద మేస్త్రి అంతసేపూ మాట్లాడలేదు. చివరికి అన్నాడు: "మేస్త్రి దొంగ, మేస్త్రి దొంగ అని రాస్తన్నారుగదండీ. నేను లేకపోతే తెల్లారి ఆటో ఎవరు పెడతారు? ఒకళ్లకి జొరమొస్తే ఇంకో మనిషిని ఎవరు తెస్తారు?" ఆయన చెప్పింది తప్పు కాదు. మనుషుల్ని సమకూర్చడం పనే, దానికి కూలి ఉండాల్సిందే. ఆ కూలి ఎవరి జేబులోంచి రావాలన్నదే ప్రశ్న. బ్రిటన్‌లో కూడా పొలాల్లో, ఆల్చిప్పల ఏరివేతలో మేస్త్రీలే మనుషుల్ని తెస్తారని చెప్పాను. 2004 ఫిబ్రవరిలో ఇంగ్లండు తీరంలోని మోర్‌కాంబ్ బేలో అలా తెచ్చిన చైనా కూలీలు సముద్రపు పోటులో చిక్కుకుని కనీసం 21 మంది చనిపోయాక, అదే ఏడాది వాళ్లు మేస్త్రీలకు లైసెన్సు చట్టం చేసుకున్నారు. ఈ కథ ఆయన మీద పని చేసింది. తనలాంటివాళ్లు అక్కడా ఉన్నారన్నది ఆయనకు కొత్త.

వాదన మొత్తంలో పనికొచ్చిన ప్రశ్న మాత్రం ఆడవాళ్లలో పెద్దామె అడిగారు. "ఇయన్నీ సరే బాబుగారూ. ఆ కంపెనీవాళ్లు కిలోకి ఎంత ఎక్కువిస్తన్నారు? అందులో మాకెంత?" గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. వచ్చిన ధరలో ఆడిట్ ఖర్చుకు గానీ, కూలి పెంపుకు గానీ ఒక్క పైసా విడిగా లేదు. ఆడిట్ ఫీజు కూడా సరఫరాదారుడిదే. ప్రమాణం కొనేవాడు పెడతాడు, ఖర్చు అమ్మేవాడు పెట్టుకోవాలి.

ఆమె ప్రశ్న విన్నప్పుడు నాకు కంబోడియా గుర్తొచ్చింది. 1999లో అమెరికాతో కంబోడియా చేసుకున్న బట్టల ఒప్పందంలో, ఫ్యాక్టరీల్లో పరిస్థితులు బాగుపడితే ఏటా ఎగుమతి కోటా పెంచుతామని రాశారు. ఐఎల్‌ఓ మనుషులు ఫ్యాక్టరీలు తిరిగి చూసేవారు. బాగుచేసుకుంటే లాభం కళ్లముందు కనిపించేది. 2004 చివరికి ప్రపంచ కోటా పద్ధతే పోవడంతో ఆ ఎర కూడా పోయింది. నేను చదివిన ఒప్పందాలన్నిటిలో పెద్దామె ప్రశ్నకు జవాబు లాంటిది ఉన్నది ఆ ఒక్క దాంట్లోనే. మిగతావన్నీ చేయకపోతే ఏమవుతుందో చెబుతాయి.

ఏం మార్చాం

సమావేశం తర్వాత కొనుగోలుదారుడికి ఒక ఖర్చు పట్టిక పంపాం. కనీస వేతనం హామీ, ఈఎస్ఐకి యజమాని వాటా 3.25 శాతం, పీఎఫ్ 12 శాతం, మేస్త్రి సర్వీసు చార్జీ అన్నీ కలిపితే కిలోకి ఎంత పెరుగుతుందో చూపించాం. ధర పెంచలేమన్నారు, మర్యాదగా. కానీ మేం పట్టికలో ఇంకో లైను రాశాం: షిప్‌మెంట్ గడువు తక్కువ ఇస్తే రాత్రి పని తప్పదు, ఓవర్‌టైంకు రెట్టింపు కూలి, దానివల్ల కిలోకి ఇంత. దానికి స్పందించారు. గడువు పెంచారు, ఆఖరి నిమిషంలో పరిమాణం మార్చబోమన్నారు, ఏడాది మొత్తానికి కనీసం ఇంత కొంటామని రాసిచ్చారు. ఖాయమైన ఆర్డరు చేతిలో ఉంటే సరుకు ఏసీలో పెట్టుకుని నిదానంగా ఒలిపించొచ్చు, రాత్రిళ్లు హడావుడి ఉండదు. పెరిగిన ఖర్చులో కొంత అలా సర్దుకుంది. మిగిలింది యజమాని భరించారు. ఇలాంటి కేసులు చూసుకునే తోటి కన్సల్టెంట్లకు నేను చెప్పేది ఇదే: ధర అడిగి కాదనిపించుకున్నాక ఆగకండి, గడువు అడగండి.

షెడ్డులో రేట్లు తేల్చడానికి పరీక్ష పెట్టాం. నేర్పరి, మధ్యరకం, కొత్త చెయ్యి, మూడు రకాలవాళ్లనీ కూర్చోబెట్టి తేజ, 334 విడివిడిగా ఒలిపించాం. మధ్యరకం చేతికి ఎనిమిది గంటల్లో కనీసం 100 వచ్చేలా రెండు రకాలకూ వేరువేరు రేట్లు కట్టాం. అంతకన్నా తక్కువ ఒలిచినా 100కు తగ్గదు, ఎక్కువ ఒలిస్తే ఎక్కువ. కాటా ఆడవాళ్లకు కనిపించేచోట పెట్టించాం, టిక్కీ బరువు ఎంత తీసేస్తున్నారో గోడ మీద రాయించాం. కూలి బ్యాంకు ఖాతాల్లోకి. మేస్త్రికి యజమానే విడిగా చార్జీ ఇస్తారు, ఆడవాళ్ల కూలిలోంచి పైసా తీయకూడదు. అడ్వాన్సులు యజమాని పేరుతో రిజిస్టర్లోకి, వడ్డీ లేకుండా. అప్పు ఉన్నా ఎప్పుడైనా మానుకోవచ్చని తెలుగులో కాగితం రాసి సంతకాలు తీసుకున్నాం. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, బాత్‌రూములు, పిల్లల గది, వేధింపుల ఫిర్యాదుల కమిటీ. ఇవి డబ్బుతో అయ్యే పనులు, అయిపోయాయి. 100 హామీ వచ్చాక కొంతమంది తొడుగులు వేసుకోవడం మొదలుపెట్టారు.

పీఎఫ్ దగ్గర మాత్రం పని ఇరుక్కుంది. యజమాని కాదనలేదు, ఆడవాళ్లే వద్దన్నారు. చేతికొచ్చేది తగ్గుతుందన్నది ఒక భయం. పేరు కంప్యూటరు ఎక్కితే రేషన్ కార్డు పోతుందేమో, ఇంట్లో అత్తగారి పింఛను ఆగుతుందేమో అన్నది అంతకన్నా పెద్ద భయం. ఈఎస్ఐకి అంత ఇబ్బంది రాలేదు, ఆసుపత్రి అంటే వెంటనే అర్థమైంది. పీఎఫ్ గురించి సంఘం నాయకుడు వచ్చి కూర్చుని చెప్పాక కొందరు ఒప్పుకున్నారు. ఆ నాయకుడిని లోపలికి రానివ్వడానికి మొదట్లో జంకిన యజమాని, ఆ వారం ఆయనకు రెండుసార్లు కారు పంపారు.

ఆడిట్

సోషల్ ఆడిట్‌కు వచ్చిన ఆడిటర్లు అగ్నిమాపక సిలిండర్ల తేదీలు, బయటికి దారులు, ఆధార్ నకళ్లు బాగా చూశారు. రిజిస్టర్లు చూశారు. ఆడవాళ్లలో కొందరిని పక్కకు తీసుకెళ్లి మాట్లాడారు. ఎవరికీ ఏం చెప్పాలో నేర్పలేదు. నేర్పితే తెలిసిపోతుంది, అందరూ ఒకే వాక్యం చెబుతారు. రిపోర్టులో పీఎఫ్ సగమే జరిగిందన్నది లోపంగా వచ్చింది, సరిదిద్దడానికి గడువిచ్చారు. సంఘం లేదు గానీ అడ్డగించినట్టు కనిపించలేదని రాశారు. తేజకూ 334కూ వేరు రేట్లున్నాయన్నది వాళ్లు గమనించనే లేదు. షెడ్డులో జరిగిన అతి పెద్ద మార్పు అదే. కంటైనరు కదిలింది.

ఆ తర్వాత

రెండు పరిణామాలు నమోదు చేయాలి.

కొన్ని వారాలకు షెడ్డులో పెద్ద వయసు ఆడవాళ్లు తగ్గిపోయారు. పెద్దామె కూడా వాళ్లలో ఉన్నారు. ఎవరూ పొమ్మనలేదు. 100 హామీ వచ్చాక 60 దగ్గర ఆగే చెయ్యి యజమానికి భారం. మేస్త్రికి చార్జీ ఇస్తున్నది ఇప్పుడు యజమాని కాబట్టి మేస్త్రి చురుకైనవాళ్లనే ఆటో ఎక్కిస్తున్నాడు. తగ్గిపోయిన పెద్దవాళ్లలో కొందరిని తాలు కాయ (రంగు పోయిన నాసి కాయ) ఏరే పనికి రోజు కూలి మీద తీసుకునేలా ఒప్పించాను. అందరికీ సరిపడా ఆ పని లేదు. యజమాని ముచ్చిక తీసే మెషిను ధరలు కూడా కనుక్కుంటున్నారు. తేజకు అవి కాయ విరగ్గొడతాయన్న మాట ఉంది గానీ, కూలి ఖర్చు పెరిగినకొద్దీ ఆ విరగడం లెక్కలోకి రాకుండా పోతుంది.

రెండోది ఇంకా ఇబ్బందికరమైంది. చైనా, బంగ్లాదేశ్ ఆర్డర్ల సరుకును ఈయన జాబ్‌వర్కుకు వేరే షెడ్డుకు పంపుతున్నారు. అక్కడ పాత రేటు, పాత మేస్త్రి లెక్క. మన షెడ్డు నుంచి తప్పుకున్న పెద్దవాళ్లు ఇప్పుడు అక్కడే ఒలుస్తున్నారని చిట్టా చూస్తే తెలిసింది. బ్రిటన్ సరుకు కాదు కాబట్టి ప్రశ్నావళికి సంబంధం లేదన్నది ఆయన వాదన. మన కనీస వేతనానికి సరుకు ఏ దేశం పోతుందన్నదానితో పని లేదని చెప్పాను. యూరప్ యూనియన్ మార్కెట్ మీద కూడా ఆయనకు కన్నుంది కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాను. నిర్బంధ శ్రమతో తయారైన వస్తువుల మీద అక్కడి నిషేధం 2027 డిసెంబరు 14 నుంచి అమలవుతుంది. అది సరుకు చేతులు మారిన ప్రతి దశనూ చూస్తుంది, సంస్థ చిన్నదా పెద్దదా అని చూడదు. ఏ టిక్కీ ఏ షెడ్డులో ఒలిచారో తేడా చూపించే రికార్డు ఆయన దగ్గర లేదు.

"వచ్చే సీజనుకు చూద్దాం సార్" అన్నారు. జాబ్‌వర్కు షెడ్డు చిరునామా తర్వాతి ఆడిట్ ఫారంలో సబ్ కాంట్రాక్టింగ్ గడిలో రాయాలని, లేకపోతే ఆ ఫారం నా ద్వారా వెళ్లదని రాతపూర్వకంగా ఇచ్చాను. తాలు ఏరే పనికి ఇంకెంతమందిని తీసుకోవచ్చో లెక్క గుమస్తా తయారు చేస్తున్నాడు.